ఆన్‌లైన్‌లో పాత బండి అమ్మాక కొన్నవాళ్లు పేచీకొస్తే ఏం చేయాలి?

ఆదివారం సాయంత్రం నెల్లూరు మినీ బైపాస్ మీద టీకొట్టు ముందు నా బండి తాళం ఒక కుర్రాడి చేతిలో పెట్టి, ఆటో ఎక్కి ఇంటికొచ్చేశాను. కావలి పక్క పల్లెనుంచి వచ్చి కొనుక్కున్నాడు. గురువారం పొద్దున ఆరున్నరకి ఫోను. "అన్నా, బండి పొగొస్తా ఉంది. పోయిన ఇంజిన్ అంటగట్టినావు కదన్నా! డబ్బు తిరిగిచ్చేయి."

ఆ పేచీ తేలేసరికి వారం పట్టింది. ఆ తర్వాత ఒంగోలులో మా బావమరిది బండికి ఇంకో రకం తలనొప్పి వచ్చింది: కొన్నాయన పేరు మార్పించుకోలేదు, చలాన్లు మాత్రం మావాడి ఫోనుకు వస్తుండేవి. ఈ రెండింటిలో నేర్చుకున్నదీ, వకీలును అడిగి తెలుసుకున్నదీ ఇక్కడ వరసగా రాస్తున్నాను. బండి అమ్మేసి ఇప్పటికే చిక్కులో ఉన్నవాళ్లు పైనుంచి చదవండి. ఇంకా అమ్మనివాళ్లు చివరి భాగం ముందు చదివితే మేలు.

1. ఫోను వచ్చిన మొదటి గంట

రెండు తప్పులు ఇక్కడే జరుగుతాయి. ఒకటి, "అమ్మేశాక నాకేం సంబంధం లేదు, పెట్టెయ్ ఫోను" అని కసరడం. రెండోది, గొంతు మెత్తబడి "సర్లే, చూద్దాం, ఎంతోకొంత ఇస్తాలే" అనేయడం. ఆ రెండో మాట అవతల రికార్డయిందంటే తప్పు ఒప్పుకున్నట్టే వాడుకుంటారు.

అడగాల్సినవి మూడే. లోపం ఎప్పటినుంచి కనిపిస్తోంది? బండి ఇప్పుడు మీటరు మీద ఎంత తిరిగింది? చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తూ వీడియో తీసి పంపగలవా? వీటిలో మీటరు ప్రశ్నే అసలైనది. మా కుర్రాడు వీడియోతో పాటు మీటరు ఫోటో పంపాడు. అమ్మిన రోజు నేను తీసిన ఫోటోతో పోల్చి చూస్తే నాలుగు రోజుల్లో ఆరొందల కిలోమీటర్ల పైన. ఇద్దరెక్కి తిరుపతి పోయి, వస్తూ కాళహస్తి కూడా చూసుకొచ్చారంట!

తర్వాత మాటలన్నీ వాట్సాప్‌లోనే. నేను పంపింది ఇది: "తమ్ముడూ, నువ్వు చెప్పింది విన్నాను. వీడియో చూశాను. ఆదివారం కలిసి మెకానిక్‌కు చూపిద్దాం. అప్పటిదాకా ఇంజిన్ విప్పించవద్దు." చివరి వాక్యం తప్పకుండా ఉండాలి. విప్పేసిన ఇంజిన్ మీద ఎవరి లోపం ఎంతో తేల్చడం ఏ మెకానిక్ వల్లా కాదు.

2. రుజువులు ఒకచోట చేర్చడం

యాప్‌లో మీరు పెట్టిన ప్రకటన తీసేయకముందే స్క్రీన్‌షాట్లు తీయండి, ఫోటోలతో, రాతతో, ధరతో సహా. తీసేస్తే మీరేం రాశారో మీరే చూపలేరు. అవతలివాళ్ల దగ్గర మాత్రం స్క్రీన్‌షాట్ ఉండొచ్చు. తర్వాత వాట్సాప్ చాట్ ఎక్స్‌పోర్ట్ చేసి మీకే మెయిల్ చేసుకోండి. యూపీఐ చెల్లింపు వివరాల్లో కనిపించే యూటీఆర్ నంబరు (ఆ చెల్లింపును గుర్తుపట్టే నంబరు) రాసిపెట్టుకోండి. సేల్ లెటరు, కొన్నవాళ్ల ఆధార్ కాపీ, ఆర్‌సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ కాగితాల ఫోటోలు, టెస్ట్ రైడ్ వీడియో ఉంటే అదీ.

చాట్ ఉన్న అసలు ఫోను మార్చేయకండి, ఫార్మాట్ చేయకండి. ఎలక్ట్రానిక్ రుజువు కోర్టులో పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ జతచేయాలి. అసలు ఫోను చేతిలో ఉంటే ఆ పని సులువు.

3. పేచీ ఏ రకం?

బండి బాగాలేదన్న పేచీ, పేరు మారలేదన్న పేచీ, డబ్బు పేచీ. మూడింటికీ దారులు వేరు. మొదటిది చప్పుడు ఎక్కువ, ప్రమాదం తక్కువ. రెండోది చప్పుడే ఉండదు, మునిగేది దాంట్లోనే. జనం మాత్రం మొదటిదానికి నిద్ర పోగొట్టుకుని, రెండోదాన్ని గాలికొదిలేస్తారు.

4. "బండి బాగాలేదు" అంటే

ముందు చట్టం సంగతి. 1930 నాటి వస్తు విక్రయ చట్టం 16వ సెక్షన్ ప్రకారం, వ్యాపారి కాని మనిషి తన పాత వస్తువు అమ్మితే అది బాగా పనిచేస్తుందన్న హామీ దానంతటదే పుట్టదు. చూసుకుని కొనే బాధ్యత కొనేవాళ్లది. అలాగని అబద్ధమాడితే చెల్లదు. యాక్సిడెంట్ అయిన బండిని కాలేదని చెప్పడం, మీటరు వెనక్కి తిప్పడం, ఫైనాన్స్ తీరకుండానే తీరిందనడం, ఇవన్నీ 1872 నాటి ఒప్పందాల చట్టం కింద మోసమో, తప్పుడు ప్రకటనో అవుతాయి. ఒప్పందమే రద్దు చేయమని కొన్నవాళ్లు అడగొచ్చు. మోసం చేయాలన్న ఉద్దేశం మొదటినుంచీ ఉందని తేలితే భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ దాకా పోతుంది.

"కన్స్యూమర్ కోర్టుకు పోతా" అన్న బెదిరింపు తరచుగా వినబడుతుంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వ్యాపారంగా అమ్మేవాళ్ల కోసం. సొంతానికి వాడుకున్న ఒక్క బండి అమ్ముకున్న మనిషికి అది మామూలుగా వర్తించదు. నెలకు నాలుగు బండ్లు కొని అమ్మేవాళ్లయితే ఈ భరోసా పెట్టుకోకండి.

కాబట్టి మిమ్మల్ని మీరు వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటే: నాకు తెలిసి చెప్పనిది ఏమైనా ఉందా? టైరు అరిగింది, బ్యాటరీ నీరసించింది, క్లచ్ ప్లేట్లు జారుతున్నాయి, చైన్ స్ప్రాకెట్ అయిపోయింది అంటే అవి పాత బండికి ఉండేవే. నడిపి చూస్తే తెలిసేవే.

నా విషయంలో అలా చెప్పనిది ఒకటి ఉంది. పొద్దున్నే స్టార్ట్ చేస్తే ఒక నిమిషం పాటు నీలం పొగ వచ్చి ఆగిపోయేది. చలికి అనుకున్నాను, చెప్పాలని తోచలేదు. కానీ ఆయిల్ సంగతి మాత్రం చాట్‌లో రాశాను: "ఆయిల్ మార్చే టైమ్ అయింది, ముందు సర్వీస్ చేయించు."

తర్వాతి అంచె మూడో మెకానిక్. మీ మెకానిక్ మీ వైపు చెప్తాడు, ఆయన మెకానిక్ ఆయన వైపు చెప్తాడు. ఇద్దరికీ తెలియని షెడ్డు కావాలి. మేం ఆత్మకూరు బస్టాండు పక్క ఒక పెద్దాయన దగ్గరికి పోయాం. బండి రాత్రంతా చల్లారి ఉండాలని ముందే చెప్పాను కాబట్టి కుర్రాడు శనివారమే వచ్చి వాళ్ల అక్క ఇంట్లో ఉన్నాడు.

పెద్దాయన కిక్ కొట్టి వెనక నిలబడ్డాడు. పొగ వచ్చింది, నిమిషంలో తగ్గింది. రేస్ ఇచ్చి చూశాడు, పొగ పెరగలేదు. "స్టార్టింగ్‌లో వచ్చి ఆగిపోతే వాల్వు సీళ్లు. రేస్ ఇచ్చేకొద్దీ పెరిగితే రింగులు, బోరు. ఇది సీళ్లే," అన్నాడు. ప్లగ్గు విప్పితే కొసన ఆయిల్ తడి మెరిసింది. పొడి మసి ఉంటే పెట్రోలు ఎక్కువ తాగుతున్నట్టు, తడిగా ఉంటే ఆయిల్ పైకొస్తున్నట్టు. ఆ తర్వాత ఆయిల్ పుల్ల తీసి గుడ్డతో తుడిచి మళ్లీ ముంచాడు. కింది గీతకు కూడా అందలేదు. కుర్రాడివైపు చూసి, "అబ్బయ్యా, ఇంత తక్కువ ఆయిలు పెట్టుకుని కొండకు పోయొచ్చినావా?" అన్నాడు. కుర్రాడు నేలచూపులు చూశాడు. నేనూ పెద్దగా తలెత్తుకోలేదు, ఆ పొగ నాకు తెలుసు కనక.

సీళ్లకూ, ఆయిల్‌కూ, కూలికీ కలిపి 1,400 అయింది. సగం నేనిచ్చాను. చట్టప్రకారం ఇవ్వాల్సిన పని లేదని వకీలు తర్వాత చెప్పాడు. ఆ పెద్దాయన షెడ్డులో నిలబడితే మాత్రం ఆ ఏడొందలు న్యాయంగానే తోచాయి.

ఇచ్చేటప్పుడు ఒక్క జాగ్రత్త. చేతికి నగదు ఇవ్వకుండా యూపీఐలో పంపి, అవతలివాళ్ల చేత ఇలా రాయించుకోండి: "ఫలానా నంబరు బండి రిపేరు నిమిత్తం 700 రూపాయలు ముట్టాయి. ఇది తప్పు ఒప్పుకోలు కాదు, సామరస్యంగా ఇచ్చినది. బండి కండిషన్ గురించి ఇకమీదట నాకు ఏ క్లెయిమూ లేదు." వాట్సాప్‌లో వాళ్లే టైపు చేసి పంపినా చాలు. ఇది లేకపోతే వచ్చే నెల గేర్‌బాక్స్ అని ఇంకో ఫోను వస్తుంది.

5. బండే వాపసు తీసుకోమంటే

నా సలహా వద్దనే. దాచింది పెద్దదే అయితే, అంటే చాసిస్ వంగిన బండో, లోను తీరని బండో అయితే, తీసుకోక తప్పదు. అప్పుడు తిరిగిన కిలోమీటర్లకు ఎంత తగ్గించాలో ముందే మాట్లాడుకోండి. మీటరు ఫోటో తీయండి. వాళ్ల చేతిలో ఉన్న రోజులకు చలాన్లు పడ్డాయేమో ఈ-చలాన్ సైటులో బండి నంబరు కొట్టి చూడండి. సంతకం పెట్టిచ్చిన ఫారాలు, ఆర్‌సీ తిరిగి చేతికొచ్చాకే డబ్బు పంపండి. పేరు ఇప్పటికే వాళ్లకు మారిపోయి ఉంటే అది మళ్లీ కొనడమే. మీ పేరుకు బదిలీ కొత్తగా చేయించుకోవాలి.

6. పేరు మార్చుకోకపోతే

కొన్నాయన ఫోనే చేయడు కాబట్టి అంతా బాగుందనుకుంటాం. ఆరునెలలకు హెల్మెట్ లేదని చలాను. ఫోటోలో ఎవరో తెలియని మనిషి, నంబరు మనది.

చలాను నయం. 1988 మోటారు వాహనాల చట్టం దృష్టిలో యజమాని అంటే ఆర్‌సీలో పేరున్న మనిషి. 2007లో అమ్మిన ఒక బండి చేతులు మారి మారి 2009లో ప్రమాదం చేసింది. మొదట అమ్మినాయన పేరే ఆర్‌సీలో ఉండిపోయింది. 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, పరిహారం కట్టాల్సిన బాధ్యత రిజిస్టర్లో పేరున్నాయనదేనని తేల్చింది. అమ్మేశానన్న మాట, కాగితం ఉన్నా, బాధితుల ముందు అడ్డు రాలేదు. ఇంకోటి: మైనర్ పిల్లలు నడిపి దొరికితే 199ఏ సెక్షన్ కింద గార్డియన్‌తో పాటు యజమాని మీదకూ వస్తుంది, 25,000 జరిమానా, మూడేళ్ల దాకా జైలు. కొన్నాయన కొడుకు ఇంటర్ చదువుతూ ఆ బండి మీదే కాలేజీకి పోతుంటే? మన ఊళ్లలో ఇది ఊహ కాదు.

చేయాల్సినవి వరసగా:

ముందు ప్రభుత్వ రవాణా యాప్ ఎంపరివాహన్‌లో బండి నంబరు కొట్టి యజమాని పేరు చూడండి. పేరు పూర్తిగా చూపకపోయినా కనిపించే అక్షరాలతో మీదేనా కాదా అర్థమవుతుంది.

మీదే ఉంటే ఫారం 29. బండి అమ్మాను అని అమ్మినవాళ్లు ఇచ్చే నోటీసు అది. రాష్ట్రంలోపలే అమ్మితే 14 రోజుల్లో ఆర్టీఓకు తెలపాలని 50వ సెక్షన్ చెప్తుంది, ఒక కాపీ కొన్నాయనకు పంపాలి. గడువు దాటినా సరే ఇవ్వండి. ఆలస్యంగా ఇచ్చిన నోటీసు, అసలు ఇవ్వకపోవడం కన్నా ఎన్నో రెట్లు మేలు. ఆఫీసులో నేరుగా ఇస్తే రెండో ప్రతి మీద ముద్ర, తేదీ వేయించుకోండి. కుదరకపోతే సేల్ లెటరు, ఆధార్ కాపీ జతచేసి స్పీడ్ పోస్టులో పంపి, రసీదుతో పాటు అందినట్టు చూపే ట్రాకింగ్ పేజీ కూడా ప్రింటు తీసి దాచుకోండి. ఫారం 30 కొన్నాయన పెట్టుకునే బదిలీ దరఖాస్తు. కొన్న 30 రోజుల్లో పెట్టుకోవాలి. ఫైనాన్స్ బండయితే ఆర్‌సీలో లోను పేరు తీయించే ఫారం 35, అభ్యంతరం లేదని బ్యాంకిచ్చే ఎన్‌ఓసీ ముందు పూర్తి కావాలి. ఎక్కువ బదిలీలు ఆగిపోయేది అక్కడే.

నెల్లూరువాళ్లకు ఇంకో మాట. మద్రాసు దగ్గర కాబట్టి తమిళనాడునుంచి కొనేవాళ్లు వస్తుంటారు. వేరే రాష్ట్రానికి పోయే బండికి ఫారం 28 మీద ఎన్‌ఓసీ తీసుకోవాలి. ఆ పని కొన్నాయనకు వదిలేశారో, గూడూరు దాటిన బండి గురించి మీకు మళ్లీ కబురు తెలిసేది చలానుతోనే.

మూడోది, కొన్నాయనకు మెసేజి. మర్యాదగా, గడువుతో: "అన్నా, 12వ తేదీన మీకిచ్చిన బండి ఇంకా నా పేరునే ఉంది. ఈ నెలాఖరులోగా బదిలీ చేయించండి. నా సంతకం, ఓటీపీ ఏది కావాలన్నా వస్తాను. అప్పటికీ కాకపోతే పోలీసు స్టేషన్‌లో తెలియజేస్తాను." ఓటీపీ వస్తే అది దేనికొచ్చిందో మెసేజి మొత్తం చదివి, బదిలీ దరఖాస్తుకే అయితేనే చెప్పండి.

పలక్కపోతే వకీలు ద్వారా నోటీసు, దాంతో పాటు మీ స్టేషన్‌లో రాతపూర్వకంగా అర్జీ. "ఇది సివిల్ మ్యాటర్" అని అక్కడ అంటారు, నిజమే కూడా. కేసు పెట్టమని అడగొద్దు. బండి ఫలానా తేదీ, ఫలానా సమయంనుంచి నా చేతిలో లేదని తెలియజేస్తున్నాను, రసీదివ్వండి అని అడగండి. మా బావమరిదికి ఒంగోలులో ఈ అర్జీ రసీదే పనికొచ్చింది. కొన్నాయనకు దాని ఫోటో పంపగానే, నాలుగు నెలలు ఎత్తని ఫోను ఎత్తాడు.

చలాను వస్తే ఫోటోలోని తేదీ, చోటు, మనిషి కనిపించేలా దించుకుని కొన్నాయనకు పంపి కట్టమనండి. మొండికేస్తే, చిన్న మొత్తమైతే కట్టేసి లెక్క రాసుకోవడం సులువు. బదిలీకి చలాన్లు అడ్డం పడకుండా ఉంటాయి. 133వ సెక్షన్ కింద నడిపిందెవరో చెప్పమని పోలీసులు అడిగితే మాత్రం వెంటనే జవాబివ్వండి. చెప్పకపోవడం కూడా నేరమే.

ప్రమాదం కేసులో పరిహారం తేల్చే ట్రిబ్యునల్ నుంచి నోటీసు వస్తే "అమ్మేశాను కదా" అని పక్కన పడేయకండి. వకీలును పెట్టుకుని సేల్ లెటరు, ఫారం 29 రసీదు దాఖలు చేయాలి. ఆ రోజుకు ఇన్సూరెన్స్ ఉందో లేదో చూడాలి. అందుకే అమ్మిన వెంటనే పాలసీ రద్దు చేయించేవాళ్లను చూస్తే నాకు భయం. బండితో పాటు థర్డ్ పార్టీ రక్షణ (ప్రమాదంలో ఎదుటివాళ్లకు పరిహారం కట్టే భాగం) కొన్నవాళ్లకు వెళ్తుందని 157వ సెక్షన్ చెప్తుంది. పేరు మారేదాకా ఆ పాలసీ మీకే గొడుగు. నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో వచ్చే తగ్గింపు) మాత్రం బండిది కాదు, మీది. దానికి కంపెనీనుంచి విడిగా సర్టిఫికెట్ తీసుకోవచ్చు.

7. డబ్బు దగ్గర తేడా

ఫోనులో "పేమెంట్ సక్సెస్" చూపించి బండి తీసుకుపోయారు, ఖాతాలో పడలేదు. ఇది పేచీ కాదు, మోసం. ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేసి, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టి, స్టేషన్‌కు పోండి. "ఎక్కువ పంపాను, క్యూఆర్ స్కాన్ చేసి తిరిగి పంపు" అన్నా అంతే. డబ్బు రావడానికి పిన్ కొట్టాల్సిన అవసరం ఎప్పుడూ ఉండదు.

ఈమధ్య వినబడుతున్నది ఇంకోటి: డబ్బు నిజంగానే పడుతుంది, కొన్నాళ్లకు ఖాతా ఆగిపోతుంది. మీకొచ్చిన సొమ్ము ఎక్కడో కొట్టేసిందై, అక్కడి సైబర్ పోలీసులు దాని వెంటపడి మీ ఖాతా దాకా వచ్చారన్నమాట. బ్యాంకు మేనేజరు మీద అరిచి లాభం లేదు. ఏ స్టేషను, ఏ ఫిర్యాదు నంబరు, ఎంత మొత్తం మీద హోల్డ్ అని బ్యాంకునుంచి రాతలో తీసుకోండి. సేల్ లెటరు, ప్రకటన, చాట్ జతచేసి ఆ దర్యాప్తు అధికారికి మెయిల్ పెట్టండి. ఖాతా మొత్తం కాకుండా ఆ మొత్తం వరకే హోల్డ్ ఉంచమని అడగండి. డబ్బు పంపిన ఖాతా పేరూ, ఆధార్ మీద పేరూ వేరుగా ఉంటే అమ్మేరోజే ఆగాలి.

8. బెదిరింపులు, రాజీ

నలుగురిని వేసుకుని ఇంటికొస్తే వాకిట్లో వాదన పెట్టుకోకండి. 112కు ఫోను చేయండి. ఊరి పెద్దమనుషుల ముందు తేల్చుకోవడం మన దగ్గర మామూలే, చాలాసార్లు పనిచేస్తుంది కూడా. తేలింది మాత్రం కాగితం మీద పెట్టి ఇద్దరి సంతకాలు తీసుకోవాలి.

అదీ కుదరకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థ. నెల్లూరులో, ఒంగోలులో జిల్లా కోర్టు దగ్గర ఉంటుంది. 15100కి ఫోను చేసి అడగొచ్చు. కేసు వేయకముందే లోక్ అదాలత్‌కు పెట్టుకోవచ్చు, కోర్టు ఫీజు లేదు. అక్కడ ఇద్దరూ ఒప్పుకుని వచ్చిన అవార్డు కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. పది పదిహేను వేల పేచీకి ఇంతకన్నా మంచి చోటు నాకు తెలియదు. మామూలు సివిల్ దావాకైతే మూడేళ్ల గడువు ఉంటుంది కాబట్టి కాగితాలు అంతకాలమైనా దాచండి.

9. ఇంకా అమ్మనివాళ్లకు

సేల్ లెటర్లో తేదీతో పాటు గంట, నిమిషం రాయండి. "15వ తేదీ సాయంత్రం 5 గంటల 40 నిమిషాలకు, మీటరు 38,214 దగ్గర బండి అప్పగించడమైనది. ఈ క్షణంనుంచి చలాన్లు, ప్రమాదాలు, కేసులకు కొన్నవారిదే బాధ్యత." బాధితుల ముందు ఈ వాక్యం చెల్లకపోయినా, మీరు కట్టింది కొన్నాయన దగ్గర రాబట్టుకోవడానికి ఆధారం. ఇంజిన్, చాసిస్ నంబర్లు, తెలిసిన లోపాలన్నీ రాయండి. పొద్దుటి పొగ కూడా! తాళం ఇస్తూ ఒక ఫోటో తీసుకోండి.

ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టి ఏజెంటుకు ఇవ్వొద్దు. ఆ కాగితాలు పట్టుకుని బండి నాలుగు చేతులు మారినా ఆర్‌సీలో మీరే ఉంటారు.

ఇప్పుడు మా ఇంట్లో ఎవరు బండి అమ్మినా చేసే పని ఒకటుంది. ధర మీద రెండు వేలు అదనంగా తీసుకుని, "పేరు మారగానే వాపసు" అని సేల్ లెటర్లో రాస్తాం. బేరం దగ్గర కొంచెం గొణుగుతారు. మా బావమరిది రెండో బండికి ఇలా చేస్తే, కొన్నాయనే పద్దెనిమిదో రోజున ఎంపరివాహన్ స్క్రీన్‌షాట్ పంపి, కింద తన యూపీఐ నంబరు పెట్టాడు.